లెక్క తప్పిన చుట్లు

"రెండు మెడలా?" అన్నాడు మస్తాన్వలి,
చెవి మీది పెన్సిలు తీసి మళ్లీ చెవి మీదే పెట్టుకుని.
"మనిషికి చేతులెన్నిరా జక్కరయ్యా?"
జక్కరయ్య మాట్లాడలేదు.
సిమెంటు సంచి కాగితం మీద గీసుకొచ్చిన బొమ్మని
రంపపు పొట్టు మీద పరిచాడు.
పైన పన్నెండు తీగలు, కింద ఆరు.
మధ్యలో టీ మరక.

ఆటోనగర్‌లో తొమ్మిదింటికి షట్టర్లు దిగాక
మా పని మొదలు.
పగలంతా నేను చుట్టేవి బోరు మోటార్లు,
కంకిపాడు నుంచి కాలిపోయి వస్తాయి
మాడిన వార్నీషు కంపుతో.
రాత్రి చుట్టాల్సిన రాగి వెంట్రుక కన్నా సన్నం,
గట్టిగా నిట్టూరిస్తే తెగుతుంది.
నాలుగు కాయిళ్లు, ఒక్కోదానికి ఎనిమిదివేల చుట్లు.
మా అమ్మ పాత కుట్టుమిషను చక్రానికి బిగించి
పెదాలతో లెక్కపెడుతూ కూచునేవాణ్ణి.
పలకరిస్తే తిట్టేవాణ్ణి.

కర్ర నూజివీడు నుంచి వచ్చింది.
వీణకని ఎండబెట్టి, చాలదని
మూలన పడేసిన పనస దిమ్మ.
ఇచ్చిన ముసలాయన అడిగింది ఒకటే:
"ఇది ఒళ్లో కూచుంటుందా?"
"భుజానికి వేలాడుతుందండీ."
పాపం, అన్నట్టు చూశాడు కర్ర వంక.

మస్తాన్వలి లారీ బాడీలు కట్టేవాడు.
వాడి కొలతలు జానెడు, మూరెడు,
మరీ పట్టింపైతే అంగుళం అటో ఇటో.
అలాంటివాడు మెట్టుకీ మెట్టుకీ మధ్య
అర మిల్లీమీటరు కోసం
సెల్‌ఫోన్ లైటు పళ్ల మధ్య కరుచుకుని
తెల్లార్లూ ఆకురాయి పట్టాడు.

రెండు మెడలూ ఎక్కించి నిలబెడితే
తలల బరువుకి బోర్లా పడింది.
నాంచారయ్య తన టైర్ల కొట్టు నుంచి
చక్రాల తూకానికి కొట్టే సీసం ముక్కలు తెచ్చి
అడుగున గూడు తొలిచి దాచాడు.
అయిదున్నర కిలోలు.
"మూడు నెలల పిల్లాడంత" అంది స్వరూప.
గవర్నరుపేటలో ఫోన్లు బాగుచేస్తుంది,
టంకం పెట్టేప్పుడు వణకని చెయ్యి
మా అందరిలో ఆమెదొక్కటే.

రంగు దగ్గర నాలుగు రోజులు మాటల్లేవు.
జక్కరయ్యకి నలుపు కావాలి,
మస్తాన్వలికి లారీ తలుపు మీది తామరపువ్వు.
చివరికి ముందు నలుపు, వెనక తామర.
అది వాయించేవాడి పొట్టకి ఆనుకుని
ఎవరికీ కనపడదు.

మే నెల. రాత్రి పదకొండున్నర.
ఆంప్లిఫయరు జక్కరయ్య వాళ్ల చర్చిది,
ఆదివారానికి తిరిగిచ్చెయ్యాలి.
ప్లగ్గు పెట్టాం.
మొదట పాడింది జక్కరయ్య కాదు,
ఆటోనగరు.
పక్క షెడ్డు వెల్డింగు, మలుపులో ట్రాన్స్‌ఫార్మరు,
ఎక్కడో అర్ధరాత్రి గ్రైండరు,
అన్నీ పద్దెనిమిది తీగల్లోంచి జుమ్మని.
అందరూ నావైపే తిరిగారు.
జంట కాయిళ్లు ఎదురెదురుగా ఉండాలి,
అప్పుడే గోలని గోల మింగుతుంది.
నేను రెండింటినీ ఒకే దిక్కుకి పెట్టాను,
మోటార్లవాణ్ణయి ఉండి.
స్వరూప ఏమీ అనలేదు,
అయస్కాంతం తిరగేసి, కొసలు మార్చింది.
అనుంటే బాగుండేది.

తర్వాత నిశ్శబ్దం.
ఆ తర్వాత జక్కరయ్య కింది మెడ మీద ఒక్క తీగ మీటాడు.
ఎవరూ ముట్టని పై మెడ
తనంతట తాను సన్నగా మూలిగింది.
"అరే" అన్నాడు మస్తాన్వలి.
మళ్లీ మీటించాడు. మళ్లీ.
నాంచారయ్య ఫ్యాను ఆపేశాడు.

మొన్న గుంటూరు నుంచి ఒకాయన వచ్చాడు.
బల్ల మీద అడ్వాన్సు పెట్టి
అచ్చం ఇలాంటిదే కావాలన్నాడు, అదే మోతతో.
మస్తాన్వలి నోట్లు లెక్కపెడుతుంటే
నాకు చెప్పక తప్పలేదు.
మూడో కాయిలు, అయిదువేల ఆరొందల దగ్గర
నాంచారయ్య వాళ్ల మామ పెళ్లిలో చెప్పులు పోయిన కథ ఎత్తుకున్నాడు,
నేను నవ్వాను, లెక్క పోయింది.
ఆగాను గానీ విప్పలేదు.
ఆ పైన ఎన్ని చుట్టానో
ఆ చక్రానికి తెలియాలి.